మీరాబాయి రెండు కిలోలు తగ్గించి పెట్టుకుంటే ప్యారిస్‌లో పతకం వచ్చేదా?

హన్మకొండ మేనమామ:

అందరికీ నమస్తే. వెయిట్‌లిఫ్టింగ్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నా. మా అక్క బిడ్డ తొమ్మిదో తరగతి, ఏడాదిన్నర నుంచి హన్మకొండలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. మా బావ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి. ఆయనకు క్రికెట్ కూడా పట్టదు, కానీ బిడ్డ బార్ పట్టుకున్నప్పటి నుంచి ఫోన్‌లో లిఫ్టింగ్ వీడియోలు తప్ప ఇంకోటి చూడడు.

మొన్న ఆదివారం అందరం కూర్చుని 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను పోటీ మళ్లీ చూశాం. 49 కిలోల శరీర బరువు విభాగం. స్నాచ్ (నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదికి) 88, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తల మీదికి) 111, మొత్తం 199. థాయ్‌లాండ్ అమ్మాయి 200తో కాంస్యం తీసుకుపోయింది. ఒక్క కిలో! చివరి అటెంప్ట్‌కు మీరాబాయి 114 పెట్టింది, అది పోయింది. బావ అక్కడే వీడియో ఆపి, "112 పెడితే సమానమయ్యేది, 113 అయితే పైకి పోయేది, మరి 114 ఎందుకు పెట్టిన్రురా?" అని నన్ను అడిగాడు. కిలో రెండు కిలోల తేడా అంటే ఏంటో ఆయన వీపుకు తెలుసు. నా దగ్గర జవాబు లేదు.

పక్కనే ఉన్న మా పెద్దనాన్న, "2000 ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కూడా గిట్లనే ఆశకు పోయి బంగారం పోగొట్టింది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. పిల్ల అక్కడే కూర్చుని వింటోంది, ఏమీ అనలేదు గానీ మొహం చిన్నబుచ్చుకుంది. అందులో నిజమెంతో నాకు తెలియాలి.

ఇంకో సందేహం కూడా ఉంది. పోయిన నెల ఒక పోటీలో మా పిల్ల జర్క్ పైకి లేపింది, మోచేతులు నిటారుగానే ఉన్నాయి, మేం చప్పట్లు కొట్టాం, సంతోషంగా బార్ వదిలేసింది. చూస్తే రెండు ఎర్ర లైట్లు. ఎందుకని అడిగితే అక్కడ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

కాజీపేట బార్‌బెల్:

తమ్మీ, ముందు మీ పిల్ల సంగతి చెప్తా, ఎందుకంటే నా మొదటి పోటీలో నాకూ అదే జరిగింది. నువ్వు రాసిందాన్ని బట్టి ఆమె సిగ్నల్ రాకముందే బార్ వదిలేసి ఉంటుంది. బార్ తల మీదికి పోవడంతో లిఫ్ట్ అయిపోయినట్టు కాదు. మోచేతులు, మోకాళ్లు నిటారుగా పెట్టి, రెండు కాళ్లు ఒక వరుసలోకి తెచ్చి, కదలకుండా నిలబడాలి. రెఫరీలు ముగ్గురు ఉంటారు, వాళ్లు చూసుకుని 'డౌన్' అని సిగ్నల్ ఇచ్చాకే దించాలి. ముగ్గురిలో ఇద్దరు ఎరుపు ఇస్తే నో లిఫ్ట్. చప్పట్లు వినగానే అయిపోయిందనుకుని వదిలేయడం కొత్త పిల్లలందరూ చేసేదే. ఇంట్లో ఖాళీ కర్రతో అలవాటు చేయించు. లేపాక ఎవరో ఒకరు ఆలస్యంగా 'డౌన్' అనాలి, అప్పటిదాకా దించొద్దు. మీ బావే అనొచ్చు.

ఇక మీ బావ ప్రశ్న. ప్రతి లిఫ్టర్‌కు స్నాచ్‌లో మూడు అటెంప్ట్‌లు, క్లీన్ అండ్ జర్క్‌లో మూడు. బార్ మీద బరువు పెరగడమే గానీ ఒకసారి దాటిపోయిన బరువుకు వెనక్కి రాదు. తక్కువ బరువు అడిగినవాళ్లు ముందు ఎత్తాలి, ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. అందుకే వెనక గదిలో కోచ్‌లు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటారు. ఒక్కో అటెంప్ట్‌కు చెప్పిన బరువును రెండుసార్లు మార్చుకోవచ్చు. పేరు పిలిచాక గడియారంలో ఒక్క నిమిషమే, వరుసగా తనే ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. అవతలివాళ్లు ఒక కిలో పెంచితే మనం ఒక కిలో పెంచాలా, ఆగాలా అన్న లెక్కంతా ఆ నిమిషాల్లోనే జరిగిపోవాలి. మనకు టీవీలో కనిపించేది స్టేజీ మీద ఉన్న మనిషి ఒక్కరే.

ప్యారిస్ పోటీని చివరి లిఫ్ట్ నుంచి చూస్తే మీ బావకు వచ్చిన అనుమానమే వస్తుంది. మొదటి నుంచి చూడమను. స్నాచ్‌లో 85 వచ్చింది, 88 పోయింది, మళ్లీ 88 వచ్చింది. జర్క్‌లో 111 మొదటిసారి పోయింది, రెండోసారి అదే 111 వచ్చింది. అసలు నష్టం నా లెక్కలో ఇక్కడే. మొదటి 111 వచ్చి ఉంటే రెండో అటెంప్ట్‌కు 112నో 113నో పెట్టుకుని, మూడోది పోటీకి ఉంచుకునేవాళ్లు. అది పోవడంతో రెండోది ఖాతా తెరవడానికే సరిపోయింది, ఎక్కాల్సిన మెట్లన్నీ ఒక్క అటెంప్ట్ మీద పడ్డాయి.

112 మాట కూడా చెప్తా. థాయ్ అమ్మాయివి కూడా 88, 112. టోటల్ సమానమైతే ఇప్పుడు ఆ టోటల్‌ను ముందు చేరినవాళ్లకే పై స్థానం, కాబట్టి సమానం చేసినంత మాత్రాన పతకం రాదు. పైకి పోవాలంటే కనీసం 113 కావాలి. ఇక 113కూ 114కూ మధ్య ఉన్న ఆ ఒక్క కిలో అవతలివాళ్లు తిరిగి అందుకోకుండా వేసుకునే కంచె లాంటిది, ఇంత దగ్గరి పోటీల్లో కోచ్‌లు ఎప్పుడూ చేసే పనే. పైగా 114 ఆమె చేతికి అందని బరువేం కాదు. 2021లో తాష్కెంట్‌లో 119 లేపి ప్రపంచ రికార్డు పెట్టిన మనిషి. టోక్యోలో 115 లేపి రజతం తెచ్చింది.

మీ బావకు ఇంకో వీడియో చూపించు, 2025 అక్టోబర్‌లో నార్వేలోని ఫోర్డెలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్, 48 కిలోలు. స్నాచ్‌లో 84 వచ్చింది, 87 రెండుసార్లూ పోయింది. థాయ్‌లాండ్ లిఫ్టర్ స్నాచ్‌లో 88, నాలుగు కిలోలు ముందుంది. జర్క్‌లో మీరాబాయి 109, 112, 115 వరుసగా మూడూ లేపింది. మొత్తం 199. థాయ్‌లాండ్‌కు 198. రెండో అటెంప్ట్‌తో సరిపెట్టుకుని ఉంటే 196 దగ్గర ఆగేది, రజతం వచ్చేది కాదు. మూడు కిలోలు పెంచి చివరి అటెంప్ట్ లేపింది కాబట్టే ఒక్క కిలోతో రజతం. ప్యారిస్‌లో పోయిన ఒక్క కిలో ఫోర్డెలో వచ్చింది. ప్యారిస్‌లో చేసింది తప్పని ఎవరైనా అంటే, ఫోర్డెలో చేసింది ఎందుకు ఒప్పయిందో కూడా వాళ్లే చెప్పాలి.

పోచమ్మమైదాన్ పిలగాడు:

అన్నా, మీరాబాయి విషయంలో మీతో ఏకీభవిస్తా. మల్లీశ్వరి విషయంలో మాత్రం వాళ్ల పెద్దనాన్న మాటలో కొంత ఉంది అంటా. ఆశ అన్న మాట నేను వాడను, కానీ అంకెలు చూడండి. 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ, 69 కిలోలు. మల్లీశ్వరి స్నాచ్ 110, జర్క్ 130, మొత్తం 240. చైనా లిన్ వెయినింగ్ 110, 132.5. హంగరీ మార్కుస్ 112.5, 130. ఇద్దరికీ 242.5. అప్పట్లో సమానమైతే శరీర బరువు తక్కువ ఉన్నవాళ్లకు పైస్థానం, అట్లా లిన్‌కు స్వర్ణం పోయింది. మల్లీశ్వరి మూడో అటెంప్ట్ 137.5. అదే 135 పెడితే మొత్తం 245, అందరికంటే పైన. 130 నుంచి ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అప్పుడు మా ఇంట్లో టీవీ లేదు, పక్కింట్లో చూశాం, ఆ బార్ కింద పడ్డప్పుడు వచ్చిన శబ్దం నాకు ఇంకా గుర్తు.

కాజీపేట బార్‌బెల్:

తమ్మీ, 135 వాదన నేనూ విన్నా, అంకెల వరకు అది సరైనదే, కాదనను. నా గొడవ అంతా 'పోగొట్టింది' అన్న మాటతోనే. చేతిలో ఉన్నదాన్నే కదా పోగొట్టుకునేది. ఆ లిఫ్ట్ పోయినందుకు ఆమె 240 ఏమీ తగ్గలేదు, కాంస్యం ఎటూ పోలేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడో అటెంప్ట్ పోతే ముందు వచ్చింది అట్లాగే ఉంటుంది. మరి కాంస్యం చేతిలో పెట్టుకుని స్వర్ణానికి పోవడం తప్పెట్లా అవుతుంది?

అప్పుడు ఒక కిలో, రెండు కిలోలు పెంచే వీలు కూడా లేదని గుర్తుపెట్టుకో. బరువు రెండున్నర కిలోల లెక్కనే పెరిగేది. ఇప్పుడు కిలో కిలో పెంచుకునే రోజుల్లో కూర్చుని ఆ పోటీని చూస్తే అన్నీ తేలిగ్గా కనిపిస్తాయి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. 54 కిలోల్లో 1994, 1995 ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి 69కి మారి పోటీ చేసింది. ఆ సిడ్నీలో మన దేశం మొత్తానికి వచ్చింది ఆ ఒక్క పతకమే. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగు ఆడపిల్ల, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. ఇదంతా పక్కనపెట్టి ఇంట్లో పిల్ల ముందు 'ఆశకు పోయింది' అంటే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? రేపు పోటీలో మూడో అటెంప్ట్‌కు భయపడుతుంది. అంతే.

ఒక్క కిలో అటువైపు పడితే ఏమవుతుందో కూడా ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్, 55 కిలోలు, మన సంకేత్ సర్గర్. స్నాచ్ 113, జర్క్ మొదటి లిఫ్ట్ 135, మొత్తం 248. తర్వాత మోచేయి దెబ్బతింది, మిగతా రెండు లిఫ్టులూ పోయాయి. మలేషియా కుర్రాడు స్నాచ్‌లో 107 దగ్గరే ఉన్నాడు, ఆరు కిలోలు వెనక. జర్క్‌లో 142 లేపి 249తో స్వర్ణం తీసుకెళ్లాడు. ఆ చేయి పట్టుకుని సంకేత్ పోడియం ఎక్కిన ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది.

మడికొండ పీఈటీ:

నేను ప్రభుత్వ బడిలో పీఈటీని, ఆడపిల్లలతో పదహారేళ్లుగా పనిచేస్తున్నా. ఇంతసేపూ అంకెలే మాట్లాడుకున్నారు గానీ, ఆ రోజు మీరాబాయి శరీరం గురించి ఎవరూ ఎత్తలేదు. పోటీ అయ్యాక ఆమే చెప్పింది, నెలసరి మూడో రోజు, ఒంట్లో నీరసంగా ఉంది అని. అంత పెద్ద వేదిక మీద ఓడిపోయి వచ్చి ఆ మాట బయటికి చెప్పడం చిన్న సంగతి కాదు. ఆ మాట వచ్చాకే మా బడిలో పిల్లలు నాతో ఆ విషయం మాట్లాడటం మొదలుపెట్టారు. అంతకుముందు 'కడుపునొప్పి మేడం' అని మూల కూర్చునేవాళ్లు. అన్నా, మీ అక్కతో చెప్పండి, పిల్ల తేదీలు ఒక పుస్తకంలో రాసుకుని కోచ్‌కు తెలిసేలా చూసుకోవాలి. సిగ్గుపడేది ఏం లేదు.

ఇంకోటి శరీర బరువు. ఈ ఆటలో తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు ఉంటుంది, ఆ గంటలో మీ విభాగం గీత దాటి ఉంటే పోటీనే లేదు. 2024 ఆగస్టు 7 గుర్తుందా? పొద్దున వినేశ్ ఫోగట్‌ను 100 గ్రాములు ఎక్కువున్నందుకు రెజ్లింగ్ ఫైనల్ నుంచి తీసేశారు. అదే రోజు రాత్రి మన టైంలో 11 గంటలకు మీరాబాయి పోటీ మొదలైంది. 12 దాటితే ఆమె పుట్టినరోజు, 30 ఏళ్లు నిండాయి. ఆ రాత్రి నేను మేలుకునే ఉన్నా. ఒక్కరోజులో 100 గ్రాములు, ఒక కిలో.

ఇవన్నీ పెద్దవాళ్లకు. తొమ్మిదో తరగతి పిల్లకు బరువు తగ్గించి కింది విభాగంలో దించుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, పోటీ ముందురోజు నీళ్లు మానిపించడం, ఎండలో స్వెటర్ వేసి పరుగెత్తించడం లాంటివి నేను కళ్లారా చూశా. ఎదిగే వయసులో అన్నం, పప్పు, గుడ్డు, పాలు కడుపునిండా పెట్టండి, ఎంత బరువుంటే ఆ విభాగంలోనే ఎత్తనివ్వండి. చేతులు కూడా చూడండి. బార్ రాపిడికి అరచేతిలో కాయలు కాస్తాయి, వాటిని పట్టించుకోకపోతే పోటీ రోజే చర్మం లేచి వస్తుంది. స్నానం చేశాక మెత్తబడ్డప్పుడు రాయితో మెల్లగా రుద్దుకోవాలి, బ్లేడుతో కోయొద్దు.

పిల్ల నిరాశపడితే రియో కథ చెప్పండి. 2016లో ఇదే మీరాబాయి క్లీన్ అండ్ జర్క్‌లో మూడుకి మూడూ పోగొట్టుకుంది. మూడూ పోతే టోటలే ఉండదు, పేరు పక్కన అంకె కూడా రాయరు. తర్వాతి ఒలింపిక్స్‌లో రజతం. 49 కిలోల విభాగంలో ఉండే మనిషి టోక్యోలో 115 కిలోలు తల మీదికి లేపింది, అంటే రెండు సిమెంట్ బస్తాలు, పైన ఇంకో 15 కిలోలు. మీ బావకు ఆ లెక్క నాకంటే బాగా అర్థమవుతుంది.

పోచమ్మమైదాన్ పిలగాడు:

మేడం, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ మాట కూడా చెప్పండి వాళ్లకు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో 85 కిలోల్లో 151, 187 లేపి 338తో స్వర్ణం తెచ్చిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టువర్టుపురం, కానీ చదువూ ఆటా నేర్చుకుంది హకీంపేటలోనే.

మడికొండ పీఈటీ:

నిజమే, కానీ అక్కడ చేరికలు నాలుగో తరగతికి, తొమ్మిదో తరగతి పిల్లకు ఆ దారి కుదరదు. ఆమె ఉన్నచోటే బాగా చేయనివ్వండి. మన పర్వతగిరి మండలం కల్లెడ నుంచి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది, తల్లిదండ్రులు కూలి పనికి పోయినవాళ్లే. ఊరు చిన్నదైతే ఏమీ కాదు, నేర్పేవాళ్లు వదలకుండా పట్టుకుని ఉండాలి.

హన్మకొండ మేనమామ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి ఫోర్డె వీడియో పెట్టా. 115 లేచినప్పుడు బావ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. పెద్దనాన్నకు 'చేతిలో ఉన్నదాన్నే కదా పోగొట్టుకునేది' అన్న మాట చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మల్లీశ్వరిది ఏ ఊరో అడిగి చెప్పించుకున్నాడు.

కర్రతో ప్రాక్టీస్ కూడా మొదలైంది. ఆమె కర్ర తల మీదికి లేపి నిలబడుతుంది, బావ మనసులో లెక్కపెట్టుకుని 'డౌన్' అంటాడు. ఒకసారి కావాలని చాలాసేపు అనలేదు, పిల్ల చేతులు వణికాయి గానీ దించలేదు. తర్వాత చేయి చూపించమన్నాడు. ఆయన అరచేతిలో కాయలు వేళ్ల మొదళ్లలో, బస్తా కొక్కెం పట్టుకునే చోట. ఆమెవీ దాదాపు అక్కడే, చిన్నవి, వాటి చుట్టూ ఇంకా తెల్లటి పౌడర్. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

వచ్చే ఆదివారం మళ్లీ పోటీ ఉంది. ఆరు అటెంప్ట్‌లు ఎంతెంత పెడతావో రాయమంటే క్యాలెండర్ వెనక రాసింది. స్నాచ్ 34, 36, 38. జర్క్ 44, 47, ఆరోది ఖాళీ. అదెందుకు రాయలేదని బావ అడిగాడు. "అది అప్పటికి బోర్డు మీద ఎంతుందో చూసి పెట్టాలె బాపూ" అంది.